తక్కువలో మంచి గన్ను ఏదని అడిగే మా బజారోళ్లకు

ఎడిటర్ గారికి,

నేను ప్రొద్దుటూరులో చిన్న నగల అంగడి నడుపుతున్నా. బంగారం రేటు ఇంత పెరిగాక మా బజారులో కొత్త మాట ఒకటి మొదలైంది. టీ తాగుతుంటే ఎవరో ఒకరు పక్కన చేరి, గొంతు తగ్గించి, "మామా, నీ దగ్గరుంది కదా, తక్కువలో మంచి గన్ను ఏదంటావ్?" అంటారు. ఒక్కొక్కరికీ చెప్పలేక మీ పత్రికకు రాస్తున్నా.

ఏరుకోవడానికి మనకు పెద్దగా ఏమీ లేదు. 9 ఎం.ఎం., .38 లాంటి గొట్టం సైజులు ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధం, మనబోటి వాళ్లకు రావు. మిగిలేది ముఖ్యంగా .32 అంగుళాల సైజు. విదేశీ పిస్టళ్ల దిగుమతి 1980ల నడుమలోనే ఆపేశారు. అందుకే తాతలనాటి వెబ్లీ, వాల్తర్ లాంటి విదేశీ కంపెనీల గన్నులు ఇప్పటికీ లక్షల రూపాయలకు చేతులు మారుతున్నాయి. పేరు చూసి వాటి జోలికి పోవద్దు. నాది కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ రివాల్వర్. కాన్పూర్‌లోనే 2014లో ఆడవాళ్ల కోసమని అర కిలో బరువుతో 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చారు, దాని ధర అప్పుడే 1,22,360 రూపాయలు. 2023లో 'ప్రబల్' రివాల్వర్ వచ్చింది. జేబులో పట్టేది కావాలంటే .22 'నిడర్' ఉంది, 250 గ్రాములే. కానీ అంత చిన్న తూటాను నమ్ముకోవడం నాకైతే ఇష్టం లేదు. పిస్టల్ కావాలనే కుర్రాళ్లకు 'అశని' ఉంది. నన్నడిగితే గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో తూటాలుండే రివాల్వరే. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతి గుండు ముందుకొస్తుంది. పిస్టల్ ఇరుక్కుంటే ఆ టెన్షన్‌లో సరిచేసుకోవాలంటే చెయ్యి తిరిగినవాడై ఉండాలి.

ఇక ధర. 2017లో నాకు పన్నుతో కలిపి లక్ష దాటింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. మేం అమ్మే బంగారానికి 3 శాతం, దాన్ని కాపాడుకునే ఇనుముకు 40! మా గుమస్తాకు చెబితే వాడు నవ్వి, "అయితే గన్ను కూడా బంగారంతోనే చేయిద్దాం సార్" అన్నాడు. ఇంత ఎందుకని చాటుగా నాటు పిస్తోలు కొనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేని ఆయుధం దొరికితే తక్కువలో తక్కువ రెండేళ్ల జైలు.

కొన్నాక సంగతి ఎవరూ అడగరు. నా లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే. సరుకు కోసం నేను పోయేది చెన్నైకి. అంటే అసలు భయం ఉన్న రోజున రివాల్వర్ ఇంట్లో బీరువాలో, నేను రైల్లో. దరఖాస్తు పెట్టేటప్పుడే ఏరియా కాలమ్ చూసి నింపండి. ఎన్నికలొస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు, కోడ్ అయిపోయాక తెచ్చుకోవాలి. మన జిల్లా పాత కతలు తెలిసినోణ్ని, దాన్ని తప్పుపట్టను.

ఒంటిమీద పెట్టుకుని తిరగడం ఇంకో కత. హోల్‌స్టర్‌లో, బయటికి కనబడకుండా పెట్టుకోవాలి. మన మే నెల ఎండలో ముప్పాతిక కిలో ఇనుము నడుముకు కట్టుకుని చూడండి. తోలు చెమటకు నాని పొట్ట ఒరుసుకుపోతుంది, ప్యాంటు ఒకవైపు జారుతుంది. ఒకరోజు పై అరలోని డబ్బా కోసం చెయ్యెత్తితే చొక్కా పైకి లేచింది. ముక్కుపుడక చూస్తున్న పెద్దమ్మ మాట్లాడకుండా దాన్ని గల్లా మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ తర్వాత నేను అంగడికి దాన్ని తేవడం మానేశా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. రెండేళ్ల కిందట రాత్రి ఒంటిగంట దాటాక పెరటి తలుపు కొట్టిన చప్పుడైంది. బీరువా తాళం నా భార్య దగ్గర, తూటాల డబ్బా దేవుడి గది అటక మీద. అన్నీ తీసుకుని మంచం మీద కూర్చుని సిలిండర్ తెరిచా. వేళ్లు వణుకుతున్నాయి. ఆరింటిలో నాలుగు తూటాలు పడ్డాయి, రెండు జారి మంచం కిందికి దొర్లిపోయాయి. గడియ తీస్తే ఎదురుగా మా బామ్మర్ది. ముందు తలుపు కొట్టి కొట్టి, ఎవరూ పలక్క పెరట్లోకి వచ్చాడట. ట్రిగ్గర్ మీద నా వేలుంది. ఆ వేలు అక్కడికి ఎప్పుడు పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

నిబంధన ప్రకారం నేను శిక్షణ తీసుకున్నా, సర్టిఫికెట్ ఉంది. ఒక పూట క్లాసు, చేతిలో పెట్టి అయిదు గుండ్లు కాల్పించారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్క గుండు కూడా కాల్చలేదు. ఎక్కడ కాల్చాలి? పొలంలో కాలిస్తే కేసు.

అందుకే అధికారులను కోరేది ఒకటే. కడపలో లైసెన్సు ఉన్నవాళ్లకు, ఫీజు తీసుకునే, ఏడాదికి రెండుసార్లు సాధన చేసుకునే వీలు కల్పించండి. అయిదేళ్లకోసారి రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ కాగితం చూపమనండి. చూపలేనివాడికి ఆపేయండి, నాతో మొదలుపెట్టినా సరే. మా బజారోళ్లకు నేను చెప్పేది, ముందు గన్నుకు పెట్టే ఆ డబ్బుతో మంచి లాకరు, కెమెరాలు, షట్టరుకు సెంట్రల్ లాక్ పెట్టించుకోండి. ఇంకా మిగిలితే అప్పుడు రండి, రివాల్వర్ సంగతి మాట్లాడుకుందాం.

మా బామ్మర్ది ఇప్పుడు రాత్రిపూట వస్తే వీధి మొదట్లో ఆగి ఫోన్ చేస్తున్నాడు.

ఇట్లు,
ఒక నగల వ్యాపారి, ప్రొద్దుటూరు, కడప జిల్లా