వానల్లో ఆర్డర్లు ఎందుకు ఆపుతున్నానంటే

అందరికీ నమస్తే. "బ్లౌజు ఎప్పుడొస్తుందక్కా" అని అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా జవాబు రాయలేక ఇక్కడే రాస్తున్నా, కాస్త పొడవవుతుంది. ఈ ఏడాది నుంచి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో నేను కుట్టించే, బిడ్డకు పాలివ్వడానికి వీలైన చేనేత బ్లౌజులకు కొత్త ఆర్డర్లు తీసుకోను. పండగల సీజన్‌లో ఇదేంటి అనుకుంటారని తెలుసు.

కారణం వాన. మన నెల్లూరు వైపు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలకే కదా. పాటూరులో నాకు గుడ్డ నేసిచ్చే వాళ్లవి గుంట మగ్గాలు, కాళ్లతో తొక్కే పలకలు నేలలో తవ్విన గుంటలో ఉంటాయి, నాలుగు రోజులు ముసురు పడితే ఆ గుంటలోకి చెమ్మ ఊరుతుంది. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా వేసే పోగులకు, గంజి పెట్టి వీధి పొడవునా చాచి ఆరబెట్టాలి, ఎండ లేకపోతే అది ఆరదు, సరిగా ఆరని పడుగు మగ్గమెక్కిస్తే పోగులు పుటుక్కున తెగుతాయి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, గుర్తుందా? అలాంటప్పుడు ఆ ఇళ్లకు ఫోన్ చేసి నా గుడ్డ ఎంతవరకు వచ్చిందని అడగడం నాకు చేతకాదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం నా సంగతి కూడా చెప్తా. నేను చెన్నైలో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో పిల్లల బట్టలకు డిజైన్లు చేసేదాన్ని. పాప పుట్టాక చట్టప్రకారం 26 వారాల సెలవు ఇచ్చారు, అందులో వంక లేదు, కానీ తిరిగి వెళ్లాక రాత్రి తొమ్మిదికి మీటింగులు, పాలకు ఏడ్చే బిడ్డ ఇంటి దగ్గర, నేనేమో స్క్రీన్ ముందు. ఉద్యోగం మానేసి అమ్మ దగ్గరికి నెల్లూరు వచ్చేశా. బంధువుల ఇళ్లల్లో పెళ్లిళ్లకు వెళితే పాలివ్వడానికి వీలైన బ్లౌజు ఒక్కటీ దొరికేది కాదు, చీర కట్టుకున్న బాలింత గదిలో తలుపేసుకుని కూర్చోవాల్సిందే. నా మొదటి డిజైన్ అక్కడే పుట్టింది. ప్రిన్సెస్ కట్ కుట్టులో, అంటే ముందు వైపు ఛాతీ మీదుగా కిందికి నిలువుగా దిగే కుట్టులో, కనపడకుండా జిప్పు, చంక కింద లోపల 2 అంగుళాల గుడ్డ వదిలిపెట్టడం, ఎందుకంటే కాన్పయిన ఏడాదిలో ఒళ్లు రెండు మూడు సార్లు మారుతుంది, మారినప్పుడల్లా కొత్త బ్లౌజు కొనే పని ఉండకూడదు. గుడ్డనూ లైనింగునూ ముందే నానబెట్టి ఆరేశాకే కత్తిరిస్తాం, లేకపోతే ఉతికాక ఒకటి కుంచించుకుపోయి ఇంకోటి వేలాడుతుంది.

నేత గురించి మాత్రం ఏ కాలేజీలోనూ నేర్చుకోనంత పాటూరులో నేర్చుకున్నా. నేను కంప్యూటర్‌లో గీసిన సన్నటి తీగ చూసి అక్కడి పెద్దాయన "గీసేది నువ్వు, నేసేది మేము, పోగు ఎట్టా పోతుందో చూసి గీయి పాపా" అన్నారు. మగ్గం మీద వంపు వంపుగా రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. అప్పట్నుంచి గళ్ల కాగితం మీద పెన్సిల్‌తోనే గీస్తున్నా, ముందు ఆయనకు చూపించాకే రంగులు ఎంచుకుంటా.

ఇంకో మాట. అంచు పక్కన సూదిమొన అంత రంధ్రాలు వరసగా కనిపిస్తే అది డ్యామేజీ కాదమ్మా. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు తగ్గకుండా రెండు పక్కలా లాగిపట్టే బద్ద ముళ్లవి అవి. మరమగ్గం గుడ్డను చేనేత అని అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు, అది చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది, కాబట్టి ఎక్కడ కొన్నా ముందు అంచు చూడండి.

బ్లౌజు ధర 150 రూపాయలు పెంచుతున్నా. కొత్త డిజైన్‌కు శాంపిల్ నేసే రోజుల్లో మగ్గం మీద అమ్మకానికి గుడ్డ దిగదు, ఆ రోజులకూ కూలి ఇవ్వాలి, ఈ డబ్బు దానికే. ఒక పెద్ద షాపు వాళ్లు నెలనెలా ఎక్కువ సరుకు అడిగారు, వద్దన్నా. పాప స్కూలు నుంచి వచ్చాక కత్తెర పట్టకూడదని నియమం పెట్టుకున్నా, ఆ సరుకు ఒప్పుకుంటే అది సాగదు.

ఇప్పటికే డబ్బు కట్టిన వాళ్ల బ్లౌజులన్నీ సెప్టెంబరులోపే పంపేస్తా. సంక్రాంతికి కావాలంటే ఆగస్టు ఆఖరుకల్లా కొలతలు పంపండి, నెలలు నిండుతున్న వాళ్లయితే కాన్పు తేదీ కూడా రాయండి, మీవి ముందు కుట్టిస్తా.