పేరున్న శిఖరం పక్కనే ఖాళీ కొండ

సంపాదకులకు,

పర్యాటక పేజీల్లో ఎప్పుడూ పేరున్న శిఖరాలేనా? స్కాట్లాండ్‌లో జనమంతా 3,000 అడుగులు దాటిన ‘మన్రో’లనే 282 శిఖరాల వెంటే పడతారు. 2,500 అడుగులు దాటి, మన్రోల ఎత్తు అందుకోని ‘కార్బెట్’లనే కొండలకు వెళ్లేవారు తక్కువ. చుట్టూ కనీసం 500 అడుగుల దిగుడు ఉంటేనే కార్బెట్‌గా లెక్క. అందుకే అవి విడివిడిగా నిలబడతాయి, పైనుంచి చూపు నలువైపులా సాగుతుంది.

అయితే చాలాచోట్ల బాట ఉండదు. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట అని నడక సమయాన్ని అంచనా వేసే నైస్మిత్ లెక్క మోకాలెత్తు పొదల్లో చెల్లదు. సగం సమయం అదనంగా కలుపుకోవాలి. చదును శిఖరంపై పొగమంచు కమ్మితే ఏ వైపు చూసినా ఒక్కలాగే ఉంటుంది. కనుక మబ్బు దిగకముందే దిగే దిశను కంపాస్‌లో పెట్టుకోవాలి. ఫోను పక్కనుంటే సూది తప్పు చూపిస్తుంది, దూరంగా ఉంచండి.

– ఒక కొండల ప్రేమికుడు