మా క్యాసెట్‌ని బతికించినవాళ్లకి

నెల కిందట, అమెరికాలో చదువుకునే రోజుల్లో ముగ్గురు స్నేహితులం పాటలు రికార్డు చేసుకున్న ఒక పాత క్యాసెట్ ఫొటో పెట్టి, దీన్ని ఆడించి పెట్టగలిగేవాళ్లు హైదరాబాదులో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఉన్నారండీ. మొన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నాను. ఎవరెవరికి దణ్ణం పెట్టాలో పెట్టేద్దామని ఈ నాలుగు ముక్కలు.

ముందుగా సైనిక్‌పురి మాస్టారికి. పేరు రాయొద్దన్నారు. రేడియోలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను తీసుకెళ్లేసరికి టేపు అంచుల మీద తెల్లటి బూజు. టేపు మీది పాటని చదివే హెడ్డుకి టేపుని అదిమి పట్టే చిన్న మెత్త ముక్క కూడా ఊడిపోయింది. నేను అలవాటు కొద్దీ పెన్సిల్ పెట్టి తిప్పబోతే, "ముందు చెయ్యి తియ్యండి" అన్నారు. ఇంకో క్యాసెట్ మరలు విప్పి, మా టేపు చుట్టల్ని అందులోకి మార్చి, మెత్తటి గుడ్డతో జానెడు జానెడు చొప్పున తుడుస్తూ చుట్టారు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. డబ్బు మాటెత్తితే కోప్పడి పెసరట్టు పెట్టించారు.

కంప్యూటర్‌లోకి ఎక్కించి, బుసబుసలాడే శబ్దాన్ని తగ్గించింది ఒక ఇంజనీరింగ్ విద్యార్థి. "అంకుల్, డ్రమ్స్ లేవు కదా, మరి ఈ దరువు ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని అడిగాడు. ఆ రోజు హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. నాన్నా, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడ రాస్తున్నా.

అది బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం. మేం అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని బ్లాక్స్‌బర్గ్‌లో చదువుకునే రోజుల్లో, 2004లో, శుక్రవారం సాయంత్రం ముగ్గురం ఉమ్మడి కారులో ఫ్లాయిడ్ అనే ఊరికి పోయేవాళ్లం. క్రిస్టియన్స్‌బర్గ్ దాటి ఎనిమిదో నంబరు రోడ్డెక్కితే ముప్పావు గంట. ఆ కౌంటీ మొత్తానికీ సిగ్నల్ దీపం ఒక్కటే. అక్కడి కంట్రీ స్టోర్‌లో ప్రతి శుక్రవారం పాటలు, చెక్క నేల మీద మడమలు టకటకలాడించే నాట్యం. లోపల టిక్కెట్టు కొద్ది డాలర్లే అయినా మాకు బయటే బాగుండేది. పేవ్‌మెంటు మీద బాంజో, ఫిడేలు, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బేసు, గుండ్రంగా చేరేవాళ్లు.

మాలో ఒకడిది పాలకొల్లు. మాండొలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు. ఆ గాలికి చిన్నప్పుడు వీడూ నేర్చుకున్నాడు. శ్రీనివాస్ వాయిద్యానికి విడి తీగలు. వీడు అమెరికాలో కొన్న మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. గమకం కోసం జంట తీగని లాగితే వేలు కోసుకుపోయేది. అయినా బాంజో తాత ఒకాయన వీణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నెలంతా స్వరమే వాయించనివ్వలేదు. బేసు "దుమ్" అన్నాక ఆ సందులో తీగలన్నీ ఒక్క దెబ్బ కొట్టి, ఎడమచేతి వేళ్లు వదులు చేసి మోత నొక్కెయ్యాలి. "టక్" అని మాత్రమే వినపడాలి. నువ్వడిగిన దరువు అదే నాన్నా, మాండొలినే అక్కడ డ్రమ్ము.

ఆ తాత దగ్గరే మిగతా మర్యాదలూ నేర్చుకున్నాం. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు తగ్గాలి. తల ఊపితే నీ వంతు. పాట నడిపేవాడు కాలు ముందుకు చాపాడంటే అదే ఆఖరి చుట్టు. మావాడికి మొదటిసారి వంతు వచ్చినప్పుడు కంగారులో శుద్ధంగా మోహన రాగం అందుకున్నాడు. చక్కగా అతికింది! తాత టోపీ తీసి నవ్వాడు.

తిరుగు దారంతా వాడి ఉపన్యాసమే. ఈ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో ఇంట్లో అందరికంటే చిన్నవాడు, అన్నలు ఫిడేలు, గిటారు పుచ్చుకుంటే ఆయనకి మాండొలిన్ మిగిలిందట. ఆయనది కెంటకీ, ఆ రాష్ట్రాన్ని బ్లూగ్రాస్ సీమ అంటారు కాబట్టి బృందానికి ఆ పేరు, బృందం పేరే సంగీతానికి. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల బాంజోతో వచ్చి చేరాకే దానికి ఈ పరుగు వచ్చిందట. నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడు ఎక్కడ బాంజో వినపడ్డా ఆ కారు హీటరు వాసనా, వాడి గొంతూ ముందొస్తాయి, పాట తర్వాత.

2006లో ఆ కారు అమ్మిన డబ్బు దగ్గర వాడికీ నాకూ మాటా మాటా పెరిగింది. మూడు వందల డాలర్లు. రాయడానికే సిగ్గుగా ఉంది. అప్పట్నుంచి మాటల్లేవు.

క్యాసెట్ అట్ట మీద మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి కదా, ఆ ఫొటో చూసి పాలకొల్లు తమ్ముడొకడు వాడి పేరు గుర్తుపట్టాడు. నేను అడగలేదు. అయినా వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మగారికి చూపించి, ఆవిడ చేత ఒహాయోలో ఉన్న వాడికి ఫోన్ చేయించాడు. తమ్ముడూ, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు. పాలకొల్లు వస్తా, అమ్మగారినీ చూస్తా.

ఈలోగా మాస్టారికి ఒక చిక్కు. పాట శ్రుతి మొదట్లో బాగానే ఉండి పోనుపోనూ పెరుగుతోంది, ఆఖర్న దాదాపు అర స్వరం ఎక్కువ. క్యాసెట్ ఆడించే డెక్కులో లోపమేమోనని మోటారు వేగం సరిచూశారు, బెల్టు మార్చారు, ఇంకో క్యాసెట్ పెట్టి చూశారు. అంతా సరిగ్గానే ఉంది. పాపం ఆయనకి రెండు రోజులు నిద్ర లేదట.

ఆ ఫైలే వాడికి పంపాను. ఏం రాయాలో తెలీక ఏమీ రాయలేదు. తెల్లారేసరికి వాయిస్ మెసేజ్. ఇన్నేళ్ల తర్వాత వాడి మొదటి మాట: "ఒరే, శ్రుతి ఎక్కిపోతోందేంట్రా? ఆ వేళ రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోతున్నాయి, కొత్తవి కొను అన్నానా? ఉన్నవి చాల్లే అన్నావు." బ్యాటరీ నీరసించి టేపు మెల్లగా తిరిగింది. అలా మెల్లగా రికార్డయినదాన్ని సరైన వేగంలో ఆడిస్తే పాట పరిగెడుతుంది, శ్రుతీ పెరుగుతుంది మరి. తర్వాత గంటన్నర మాట్లాడుకున్నాం. కారు ఊసు ఇద్దరం ఎత్తలేదు.

మాస్టారూ, మీ డెక్కు బంగారం. తప్పు నాది, రెండు డాలర్ల బ్యాటరీలు.