టవర్ కట్టేలోపు ఆ కీచు శబ్దం సంగతి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

టవర్ (దిగు, ఆగు అని విమానాలకి రేడియోలో చెప్పే కంట్రోలర్ కూర్చునే చోటు) లేని విమానాశ్రయంలో రెండు చిన్న విమానాలు ఢీకొన్నంత పని జరిగిందని మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. వార్తలో తప్పేం లేదు గానీ, దాని మీద తర్వాత వచ్చిన లేఖల్లో అందరిదీ ఒకటే పాట: టవర్ కట్టండి, కంట్రోలర్‌ని పెట్టండి. నేను చిన్న విమానాలు నడిపేవాణ్ని. ఇలాంటి చోటే నేర్చుకున్నాను, ఇలాంటి గండం ఒకటి తప్పించుకున్నాను కూడా. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, జాగా చాలకపోతే ఎక్కడైనా కత్తిరించండి, నీడల సంగతి మాత్రం ఉంచండి.

టవర్ లేదంటే అక్కడ ఎవరిష్టం వాళ్లదని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. రన్‌వే పక్కన గాల్లో దీర్ఘచతురస్రంలా ఒక దారి ఉంటుంది, దాన్ని సర్క్యూట్ అంటాం. మామూలుగా నేలకు 1,000 అడుగుల ఎత్తున, ఎడమ మలుపులతో తిరగాలి. రన్‌వేకి సమాంతరంగా, దిగే దిక్కుకి ఎదురుగా వెళ్లేది డౌన్‌విండ్, అక్కణ్నుంచి అడ్డంగా తిరిగితే బేస్, ఇంకో మలుపు తిరిగి రన్‌వే మీదికి సూటిగా వస్తే ఫైనల్. ప్రతి మలుపు దగ్గరా రేడియో మీట నొక్కి, ఊరి పేరు, మన విమానం, ఎక్కడున్నాం, ఏం చేయబోతున్నాం, అన్నీ అందరూ వినే ఫ్రీక్వెన్సీలో చెప్పాలి. (ఊరి పేరు ఎందుకంటే చుట్టుపక్కల నాలుగైదు రన్‌వేలు అదే ఫ్రీక్వెన్సీలో ఉండొచ్చు, ఎవరు ఎక్కడ దిగుతున్నారో తెలియక బుర్ర తిరిగిపోతుంది.) సరే అనేవాడు, ఆగు అనేవాడు ఎవరూ ఉండరు. విన్నవాళ్లు తమ జాగ్రత్తలో తాము ఉంటారు, అంతే.

ఇప్పుడు నా సంగతి. ట్రైనింగ్‌లో ఉన్న రోజులు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. మా విమానం రెక్క నెత్తిమీద ఉండే రకం. బేస్ తిరిగేటప్పుడు కాల్ ఇచ్చాను, ఫైనల్‌కి వచ్చాను, రెండు వందల అడుగుల దాకా దిగాను. ఎండ వెనకనుంచి పడుతోంది, కింద గడ్డి మీద మా నీడ మాకంటే కొంచెం ముందు పరిగెడుతోంది. ఉన్నట్టుండి దాని పక్కన ఇంకో నీడ కనిపించింది. చెట్టు నీడ అనుకున్నాను. చెట్ల నీడలు పరిగెత్తవని తట్టడానికి ఒక క్షణం పట్టింది. అప్పటికే నా చెయ్యి థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచే పిడి) మీదికి పోయింది. "లేపకు!" అన్నారు ఇన్‌స్ట్రక్టర్, ఆ ఒక్క మాటే. ఆయనే కంట్రోల్స్ అందుకుని విమానాన్ని కుడికి వంచారు, పైకి మాత్రం లేపలేదు. నన్ను నా మానాన వదిలేసి ఉంటే ఇంజిన్ పూర్తిగా ఇచ్చి పైకి లాగేవాణ్ని, సూటిగా వాళ్ల పొట్టలోకి. మేం ఉన్న చోటులోకి ఆ విమానం అలా దిగిపోయింది. దాని పొట్ట కింద ఆయిల్ కారిన నల్లటి చార ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అంత దగ్గర.

ఆ విమానం రెక్క కింద ఉండే రకం. మా రెక్క మాకు పైన ఏముందో కనిపించనివ్వదు, వాళ్ల రెక్క వాళ్లకి కింద ఏముందో కనిపించనివ్వదు. ఈ రెండు రకాలూ ఇలా ఒకదాని మీద ఒకటి చేరితే ఎంత మంచి కళ్లున్నా లాభం లేదు.

దిగాక టెన్షన్‌తో కాళ్లు వణుకుతూనే ఆ పైలట్ దగ్గరికి వెళ్లాం. మా ఇద్దరి కంటే అనుభవం ఉన్న పెద్దాయన. సర్క్యూట్‌లోకి రాకుండా దూరం నుంచే సూటిగా ఫైనల్‌కి వచ్చారు. "మూడు మైళ్ల దగ్గర కాల్ ఇచ్చానయ్యా, వినలేదా?" అన్నారు. "మేం బేస్ దగ్గర ఇచ్చాం సార్, మీరు వినలేదా?" అన్నాం. రెండూ నిజమే. ఇద్దరం ఒకే క్షణంలో మీట నొక్కాం. విమానాల రేడియోలో మీట నొక్కి మాట్లాడేవాడికి ఎదుటివాడి గొంతు వినపడదు, రెండు కాల్స్ కలిస్తే మిగతావాళ్లకి కీచుమని శబ్దం మాత్రం వస్తుంది. ఆ కీచు విన్నవాడు ఒకడున్నాడు. రన్‌వే పక్కన ఇంజిన్ ఆన్ చేసుకుని తన వంతు కోసం ఆగి ఉన్న ఇంకో ట్రైనీ. "ఎవరిదో రేడియో బాగాలేదనుకున్నా" అన్నాడు. పాపం, అతన్ని అని లాభం లేదు. ఆ శబ్దం వింటే "రెండు కాల్స్ కలిసిపోయాయి, మళ్లీ చెప్పండి" అనాలని అతనికి ఎవరూ నేర్పలేదు. నాకూ నేర్పలేదు.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. 1996 నవంబర్ 19న అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో జరిగింది చూడండి. అక్కడా టవర్ లేదు. ప్రయాణికులతో బీచ్‌క్రాఫ్ట్ 1900 అనే విమానం దిగుతోంది, అది దిగే రన్‌వేని అడ్డంగా కోసే ఇంకో రన్‌వే మీద కింగ్ ఎయిర్ అనే చిన్న విమానం ఎగరడానికి సిద్ధంగా ఉంది, దాని వెనక ఇంకో చిన్న విమానం ఉంది. దిగేవాళ్లు రేడియోలో అడిగారు కూడా, రన్‌వే మీద ఉన్నవాళ్లు ఆగుతున్నారా, ఎగురుతున్నారా అని. కింగ్ ఎయిర్ పలకలేదు. వెనక ఉన్న చిన్న విమానం పైలట్ తాను ఆగి ఉన్నానని చెప్పాడు, ఆ మాట మధ్యలో దిగే విమానంలోనే హెచ్చరిక శబ్దం ఒకటి మోగి సగం మింగేసింది. దిగేవాళ్లు అది కింగ్ ఎయిర్ జవాబే అనుకున్నారు. కింగ్ ఎయిర్ కదిలింది. రెండు విమానాల్లో ఉన్న 14 మందీ పోయారు. అడిగారు, జవాబు వచ్చింది, అయినా జరిగింది. పలికింది ఎవరో ఒక్కసారి గట్టిగా మళ్లీ అడిగి ఉంటే, లేదా ఆ మూడోవాడు "మీరు మాట్లాడుతున్నది నాతో, వాళ్లతో కాదు" అని ఉంటే అనిపిస్తుంది నాకు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని అనడం తేలికే అనుకోండి.

రెండోది, సూటిగా రావడం. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, అదీ టవర్ లేనిదే, సెస్నా 152 అనే చిన్న విమానం ఒకటి సర్క్యూట్‌లో తిరుగుతోంది. రెండు ఇంజిన్ల సెస్నా 340 ఒకటి దాదాపు 180 నాట్ల (గంటకి సుమారు 330 కిలోమీటర్ల) వేగంతో సూటిగా ఫైనల్‌కి వచ్చింది. అది దిగే వేగం కానే కాదు. ఇద్దరూ రేడియోలో చెప్పుకుంటూనే ఉన్నారు. వెనకనుంచి వేగంగా వస్తున్నాడని చూసి 152 పైలట్ దిగడం మానుకుని పైకి వెళ్తున్నానన్నాడు కూడా. ముగ్గురు చనిపోయారు. అమెరికా నిబంధనల్లో ఒక మాట ఉంది: దిగడానికి రెండు విమానాలు వస్తుంటే కింద ఉన్నదానికే ముందు దారి, కానీ ఆ వంకతో ఎదుటివాడి ముందుకి దూరకూడదు. మొదటి సగం అందరికీ నోటికొస్తుంది. రెండో సగం తొందరలో ఉన్నవాడికి గుర్తుండదు.

"కళ్లు పెట్టుకుని చూసుకోవచ్చుగా" అనేవాళ్లకి ఒక లెక్క చెప్తాను. ఎదుటి విమానాన్ని చూసి, ఢీకొంటామని గ్రహించి, తప్పుకోవడానికి మొత్తం 12.5 సెకన్లు పడుతుందని మాకు చెప్తారు. ఇద్దరూ 100 నాట్లతో ఎదురెదురుగా వస్తుంటే ఆ 12.5 సెకన్లలో దాటే దూరం దాదాపు 1,300 మీటర్లు. అంత దూరంలో రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 11 మీటర్లున్న విమానం ఎంత కనిపిస్తుందో తెలుసా? చెయ్యి చాచి చూస్తే చిటికెన వేలి వెడల్పులో సగం. పైగా, నిజంగా మనల్ని ఢీకొట్టబోయే విమానం అద్దం మీద అటూ ఇటూ కదలదు. ఒకే చోట చుక్కలా ఉండి, ఉన్నట్టుండి పెద్దదవుతుంది. కదిలేవాటినే మన కన్ను పట్టుకుంటుంది, ఇదేమో కదలదు.

ఇక టవర్ సంగతి. కడితే వద్దనను. కానీ అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు సుమారు 5,000 ఉంటే టవర్ ఉన్నవి 500 పైచిలుకే. రోజుకి పది విమానాలు దిగే ప్రతి చోటా కంట్రోలర్‌ని కూర్చోబెట్టడం జరిగే పని కాదు. టవర్ టవర్ అని అరిస్తే, ఫైలు నడుస్తోందని ఒక జవాబు వస్తుంది, ఈలోగా ఏమీ చేయకుండా కూర్చోవడానికి అందరికీ అదొక సాకు.

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి, పెద్ద ఖర్చూ లేదు. సర్క్యూట్‌లో ఒక్క విమానం ఉన్నా సరే, సూటిగా రావడం కుదరదని నిబంధనల్లో రాయాలి. ఇంజిన్ ఆగిపోయినవాడి సంగతి వేరు. రేడియో లేకుండా రావడానికి వీల్లేదనాలి, చాలా చోట్ల ఇప్పటికీ అది తప్పనిసరి కాదంటే మీ పాఠకులు నమ్మరేమో. "చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగే అలవాటు మానాలి, ఎందుకంటే ఆ ఒక్క ప్రశ్నకి నలుగురు ఒకేసారి మీట నొక్కుతారు, మళ్లీ కీచు. వచ్చేవాడు పది మైళ్ల నుంచే వింటూ వస్తే ఆ ప్రశ్నతో పనే ఉండదు. అన్నిటికంటే ముందు, కీచు విన్నవాడు నోరు విప్పాలని ట్రైనింగ్ మొదటి వారంలోనే చెప్పాలి. ఎగురుతున్నాడా, కింద ఆగి ఉన్నాడా, లైసెన్స్ ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు.

ఇంకో మాట, నా మీద నేనే చెప్పుకుంటున్నాను. ఆ రోజు జరిగింది మేం ఎక్కడా రాసివ్వలేదు. పెద్దాయన మీద చర్య తీసుకుంటారేమోనని, ఇన్‌స్ట్రక్టర్‌కి చెడ్డపేరనీ, నా ట్రైనింగ్ ఆగుతుందనీ. అమెరికాలో నాసా 1976 నుంచి ఇలాంటివి గుట్టుగా రాసివ్వడానికి ఒక ఏర్పాటు నడుపుతోంది, పేర్లు తీసేస్తారు. కావాలని చేసింది కాకపోతే, పది రోజుల్లో రాసినవాడికి మామూలుగా జరిమానా ఉండదు. అలాంటిదొకటి అందుబాటులో ఉందని తెలిసుంటే మేమూ రాసేవాళ్లం.

మీరు ఆ వార్తను ఇంకా వెంబడిస్తున్నారని అనుకుంటున్నాను. మీ విలేకరిని ఒక్కటి కనుక్కోమనండి: ఆ సమయంలో అదే ఫ్రీక్వెన్సీలో ఇంకెవరున్నారు, వాళ్లకి ఏం వినిపించింది?

ఇట్లు,
ఒక చిన్న విమానం పైలట్