విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ: దోఆబా పెళ్లికూతుళ్ల మాటేమిటి?

అయ్యా,

పంజాబ్‌లో బియాస్, సట్లెజ్ నదుల నడుమనున్న దోఆబా ప్రాంతంలో కెనడా సంబంధమంటే ఇప్పటికీ ఎగిరి గంతేస్తారు. సెలవులో వచ్చిన వరుడితో గురుద్వారాలో నాలుగు లావాలు (సిక్కు పెళ్లి ప్రదక్షిణలు) తిరగడం, ఘనంగా విందు, కొన్నాళ్లకే అతని తిరుగు ప్రయాణం. వీసా పంపుతానన్న ఫోను క్రమంగా మూగబోతే, కోడలు అత్తింట్లో ఎటూ కాకుండా మిగిలిపోతుంది.

మరికొన్ని ఇళ్లలో వ్యవహారం తిరగబడింది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మంచి బ్యాండ్లు (స్కోర్లు) తెచ్చుకున్న అమ్మాయికి ఫీజులు, టికెట్టు అబ్బాయి తరఫువారే పెట్టుకుంటారు. ఆమె వెళ్లాక అతన్ని పిలిపించుకోవాలని ఒప్పందం. పెళ్లి ప్రకటనల్లో కులం పక్కనే బ్యాండ్లు! కట్నం దిక్కు మార్చుకుందంతే.

ప్రవాస భారతీయుల పెళ్లిళ్లను 30 రోజుల్లో నమోదు చేయాలని, లేకుంటే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చని చెప్పే బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభకు వచ్చింది. 2024లో లా కమిషన్ కూడా సమగ్ర చట్టం కావాలంది. అయినా మీ శాఖ నిమ్మకు నీరెత్తినట్టుంది. అమెరికా అల్లుళ్లు వదిలేసిన ఆడపిల్లలు తెలుగు జిల్లాల్లోనూ ఉన్నారు కనుక ఇది మాకు పరాయి గొడవ కాదు.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనైనా ఆ బిల్లును చర్చకు పెట్టండి. వరుడి ఉద్యోగం, పాత పెళ్లి వివరాలు నిశ్చితార్థానికి ముందే రాయబార కార్యాలయం ద్వారా తెలుసుకునే వీలు కూడా అందులో చేర్చండి.

— ఒక తెలుగు పౌరురాలు