నాయన ఆపరేషన్‌కి, ఆ బిల్లు గండానికి అండగా నిలిచిన అందరికీ

మా నాయన హెర్నియా ఆపరేషన్ బాగా జరిగింది. బంగారుపాళ్యం దగ్గర మా తోటలో తోతాపురి చెట్టు కింద కుర్చీ వేయించుకుని, కూర్చున్న చోటి నుంచే కూలోళ్ళ మీద అరిచేంత వరకు వచ్చేశాడు. ఫోన్ చేసి అడిగిన అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ఆపరేషన్ చేసినవాళ్ళకి ఎటూ దండం పెట్టుకునే వచ్చాం. ఈ నాలుగు మాటలు ఎక్కువగా ఖర్చు లెక్క మాకు అర్థమయ్యేట్టు చెప్పినవాళ్ళ కోసం. కత్తి కంటే బిల్లుకే ఎక్కువ భయపడిన కుటుంబం మాది.

కుడి గజ్జల్లో గడ్డ చాన్నాళ్ళుగా ఉంది. పడుకుంటే లోపలికి పోయేది, కాయల క్రేటు ఎత్తితే మళ్ళీ దిగేది. "పేగు దిగింది, చూపించుకోవయ్యా" అని అమ్మ మొత్తుకుంటా ఉంటే ఆయన మెడికల్ షాపులో బెల్టు కొని కట్టుకుని తిరిగాడు. బెల్టు గడ్డను అదిమి పెడుతుందే గానీ కండరంలో పడిన సందును పూడ్చదు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చేయించుకుందామనీ అనుకున్నాం, నాయన స్నేహితుడొకాయనకు అక్కడే వల లాంటి మెష్ వేసి బాగా చేశారు. అమ్మకి ఆయాసం, రాత్రిళ్ళు పక్కనే ఉంటానని పట్టు. అందుకని గది దొరికే ప్రైవేటు చూశాం. తిరుపతిలో ఒక చోట 65,000 అన్నారు, ఇంకో చోట 1,30,000 అన్నారు. అదే మనిషి, అదే గడ్డ. రెండో చోట కాగితం మీద రాసివ్వమంటే "అడ్మిట్ కండి సార్, చూసుకుందాం" అన్నారు. చూసుకోవడం ఎవరి వంతో తెలుసు కాబట్టి లేచి వచ్చేశాం.

ఇక్కడ తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి పక్కన ఉండే మామకి మొదటి దండం. ఆయన ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్‌లో ఏళ్ళ తరబడి చేసి రిటైరయ్యాడు. మొదటి ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేషన్ కాగితాన్ని వెనక్కి తిప్పి, ఎర్ర పెన్నుతో నిలువుగా గీత గీశాడు. ఎడమ పక్క ప్యాకేజీలో కలిసినవి: సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, రెండు రాత్రుల గది, నర్సింగు, మామూలు మందులు. కుడి పక్క ఏమీ రాయకుండా నా మొహం చూశాడు. "మెష్షు ఇందులో ఉండాదా లేదా? ముందు అది కనుక్కోపో అబ్బోడా" అన్నాడు. కాగితంలో ఎక్కడా మెష్ ఊసే లేదు. ఆ తర్వాత ప్యాకేజీలో కలవనివన్నీ ఆయనే కుడి పక్క వరసగా రాసుకుంటా పోయాడు. ఆపరేషన్‌కి ముందు చేసే రక్తపరీక్షలు, స్కానింగు, ఈసీజీ, ఎకో అనే గుండె పరీక్షలు. గుండె డాక్టరు చూస్తే ఆ ఫీజు. ఒక రాత్రి ఎక్కువ పడితే దాని అద్దె. ఇంటికి రాసిచ్చే మందులు. ఎడమ పక్క కంటే కుడి పక్కే పొడుగైంది.

మెష్ గురించి ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. సందు మీద పరిచి నిలబెట్టే వల అది. గజ్జల హెర్నియాకి మామూలుగా పాలీప్రొపిలీన్ మెష్ సరిపోతుంది, కొన్ని వేలతో పోతుంది. అదే బొడ్డు దగ్గరో, పాత ఆపరేషన్ కోత దగ్గరో వచ్చినదానికి కడుపు లోపల పేగులకు ఆనుకునేట్టు పెట్టాల్సి వస్తే, పేగు అతుక్కోకుండా పూత ఉండే కాంపోజిట్ మెష్ కావాలి. దాని ధర ఎన్నో రెట్లు. దాన్ని బిగించడానికి ట్యాకర్ అనే పరికరం వాడితే అదొక్కటే బిల్లులో ఇంకో పెద్ద అంకె. అందుకే హెర్నియా ఆపరేషన్‌కి ఎంతవుతుందని ఊరికే అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఎక్కడ వచ్చింది, ఒక పక్కా రెండు పక్కలా, కోసి చేస్తారా, చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే లాప్రోస్కోపీనా, ఏ మెష్, ఏ గది, ఇవన్నీ చెప్పి అడగాలి.

గది సంగతి వింటే మా అమ్మే నోరెళ్ళబెట్టింది. చాలా ఆస్పత్రుల్లో పెద్ద గది తీసుకుంటే పెరిగేది అద్దె ఒక్కటే కాదంట. అదే సర్జను, అదే థియేటరు, అదే మత్తు ఇంజెక్షనూ గదిని బట్టి రేటు మారిపోతాయి. అద్దె రోజుకి 5,000 దాటితే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, ఐసీయూకి తప్ప. ఏసీ సింగిల్ రూమ్ అనుకున్నవాళ్ళం, ఇద్దరుండే షేరింగ్ రూముకి దిగాం. అమ్మకి మంచం పక్కన చోటు దొరికింది, ఆవిడకి కావాల్సిందీ అదే.

ఇవన్నీ అడగాలంటే మన జనానికి నామోషీ, ఆస్పత్రిలో బేరమేంటి అని. మామ దానికీ ఒక మాటన్నాడు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రేట్లు ముందే తెలుసుకునే హక్కు ఉంది, విడివిడిగా రాసిన బిల్లు తీసుకునే హక్కు ఉంది, మందులు మనకి ఇష్టమైన షాపులో కొనుక్కునే హక్కూ ఉంది. "నువ్వు అడిగితే వాళ్ళేమీ కొట్టరు" అన్నాడు. నిజంగానే, మొదటి ఆస్పత్రి కౌంటర్లో అడిగితే విసుక్కోకుండా కుడి పక్కవన్నీ అంకెలేసి ఇచ్చారు.

తర్వాత సర్జన్ గారు. లాప్రోస్కోపీ చేస్తే ఆస్పత్రికీ ఎక్కువ వస్తుంది, మేమూ అదే గొప్పదనుకుని వెళ్ళాం. ఆయన నింపాదిగా చెప్పారు. రెండు పద్ధతుల్లోనూ మెష్ వేస్తారు. లాప్రోస్కోపీలో నొప్పి తక్కువ, పనిలోకి తొందరగా దిగొచ్చు, కానీ మామూలుగా పూర్తి మత్తు ఇవ్వాలి, సామాను ఖర్చూ ఎక్కువ. రెండు పక్కలా ఉన్నవాళ్ళకి, ఒకసారి కోసి చేశాక మళ్ళీ వచ్చినవాళ్ళకి అది బాగా ఉపయోగం. "మీ నాయనకి ఒక పక్కే, మొదటిసారే. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి ఓపెన్‌గా చేసినా మంచి ఆపరేషనే" అన్నారు. గడ్డ లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం రాత్రయినా సరే ఆగకుండా రమ్మన్నారు. పేగు ఇరుక్కుని రక్తం ఆడకపోతే ప్రాణానికే ముప్పు. పేగు కొంత తీసేయాల్సి రావచ్చు, ఐసీయూ పడొచ్చు, అప్పుడు ఏ ఎస్టిమేషనూ నిలవదు. ఆ మాటతో నాయన కాయ కోతకి ముందే చేయించుకుంటానన్నాడు. రాత్రి ఎన్నిసార్లు ఒంటేలుకి లేస్తావు పెద్దాయనా అని కూడా సర్జన్ గారే అడిగి ప్రోస్టేట్ గ్రంథికి పరీక్ష చేయించారు. షుగరు అదుపులోకి వచ్చాకే తేదీ ఇచ్చిన మత్తు డాక్టరమ్మకీ ధన్యవాదాలు.

ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చునే ఆ చెల్లెలికి నేను ఎంతో రుణపడి ఉన్నా. అమ్మానాయనలకి పాలసీ తీసుకుని ఏడాది దాటింది, ధైర్యంగా కార్డు ముందు పెట్టా. పాలసీ కాగితాల్లో వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఏ జబ్బుకి ఎన్నాళ్ళు డబ్బు రాదో చెప్పే పేజీ తీసి హెర్నియా అన్న చోట వేలు పెట్టి చూపించింది, 24 నెలలు. "క్యాష్‌లెస్ పెడితే రిజెక్ట్ అవుతుంది అన్నా. ముందే డబ్బు సర్దుకోండి" అంది. అడ్మిషన్ అయ్యాక తెలిసుంటే మా పరిస్థితి ఊహించుకోలేను. ఇప్పుడు కొత్తగా పాలసీ తీసుకునేవాళ్ళు ఆ పేజీ ఒక్కటైనా చదవండి, హెర్నియా, కంటిశుక్లం, మోకీలు మార్పిడి లాంటివి ఎక్కువ పాలసీల్లో అక్కడే ఉంటాయి.

డబ్బు సర్దింది చిత్తూరు పెద్దమ్మ కొడుకు. చీటీ ఎత్తి తెచ్చిచ్చాడు, పాటలో పోయిన మొత్తం తన నెత్తినే వేసుకున్నాడు. అన్నా, మామిడి డబ్బులు రాగానే అదీ కలిపి ఇస్తా, వద్దనొద్దు.

ఆపరేషన్ నాటి రాత్రి నాయనకి ఒంటేలు రాలేదు. నడుముకి మత్తిచ్చాక, వయసైనవాళ్ళకి ఇది మామూలేనంట. డ్యూటీలో ఉన్న సిస్టరు కంగారు పడలేదు. డాక్టరుని అడిగి ఆయన్ని మెల్లగా లేపి బాత్రూముకి నడిపించింది, కుళాయి సన్నగా తిప్పి వదిలింది, మమ్మల్ని బయటికి పొమ్మంది. లోపలి నుంచి నాయన "ఆ నీళ్ళు ఆపమ్మా, దండగ" అని అరిచాడు. కాసేపటికి పని అయింది. గొట్టం వేసే పని తప్పింది, ఇంకో రాత్రి అద్దె కూడా తప్పింది.

డిశ్చార్జి రోజు ఫార్మసీ అబ్బాయి తనంతట తానే వాడని ఇంజెక్షన్లు, గ్లవ్స్, సెలైన్లు వెనక్కి తీసుకుని బిల్లులోంచి తగ్గించాడు. మామ లెక్క 85,000, చివరి బిల్లు 81,600. ఆయన ఆ కాగితం చూసి సంతోషించకుండా, ఆ మూడు వేల నాలుగొందలు ఎక్కడ తగ్గిందో రాత్రి దాకా వెతికాడు.

మీలో ఎవరికైనా ఇట్లాంటి ఎస్టిమేషన్ చేతికొచ్చి అర్థం కాకపోతే నాకు చెప్పండి, మామ దగ్గరికి తీసుకుపోతా. ఆయన్ని అడిగే రాస్తున్నా. సాయంత్రం ఆరు తర్వాతే రండి, మధ్యాహ్నం నిద్ర చెడగొడితే మాత్రం లెక్క చూడడు. ఎర్ర పెన్ను మీరే తెచ్చుకోండి, ఆయనది అయిపోయింది.