షెడ్యూల్‌కి మన ఊరి వాతావరణం నేర్పండి

సంపాదకులకు,

ఈమధ్య ద్వారకానగర్‌లో ఎటు చూసినా పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే ‘ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్’ సర్టిఫికెట్) శిక్షణ బోర్డులే. మీ పత్రికలోనూ ఆ ప్రకటనలు తరచుగా వస్తున్నాయి. నేనూ ఆ సర్టిఫికెట్ ఉన్నదాన్నే కాబట్టి అది పనికిరాదని అనను. అయితే దాన్ని నిలబెట్టుకోవడానికి మా వాళ్లు పడే పాట్లు చూస్తే మాత్రం నవ్వొస్తుంది. మూడేళ్లలో 60 పీడీయూలు (వృత్తిలో ఎదుగుతున్నామని చూపే పాయింట్లు) చూపించాలి. గంట నేర్చుకుంటే ఒకటి. చాలామంది వెబినార్ పెట్టేసి, సౌండ్ ఆపేసి, పక్క స్క్రీన్లో సబ్‌కాంట్రాక్టర్ బిల్లులు చూసుకుంటారు. పాయింట్లు వచ్చేస్తాయి.

మాది ట్యాంకులు, స్ట్రక్చర్లు కట్టి పెయింటింగ్ చేసి అప్పగించే పని. బ్లాస్టింగ్ చేసిన (గ్రిట్టు అనే గరుకు రవ్వని గాలితో కొట్టి తుప్పు వదిలించిన) ఉక్కు మీద ప్రైమర్, అంటే మొదటి పూత, కొట్టాలంటే గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, ఉక్కు వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. పెయింటింగ్ స్పెసిఫికేషన్లలో మామూలుగా ఉండే షరతులే ఇవి. ఆగస్టులో తెల్లారి మీటరు పట్టుకుని సైట్లో నిలబడండి. ఎండ కాస్త ముదిరేదాకా పని మొదలవదు. ముందురోజు బ్లాస్టింగ్ చేసి వదిలేసిన ప్లేటు మీద అప్పటికే ఎర్రగా తుప్పు లేచి ఉంటుంది. మళ్లీ గ్రిట్టు, మళ్లీ కంప్రెసర్ డీజిలు. హెడాఫీసు నుంచి వచ్చిన షెడ్యూల్‌లో మాత్రం పెయింటింగ్‌కి ఏడాది పొడవునా రోజుకి పది గంటలు! మా పెయింటింగ్ ఫోర్‌మన్‌కి ఇదంతా కంఠోపాఠం. షెడ్యూల్ వేసేటప్పుడు ఆయన్ని ఎవరూ అడగరు.

సంక్రాంతీ అంతే. కాగితం మీద సెలవు మూడు రోజులు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకి వెళ్లిన వెల్డర్లు, రిగ్గర్లు ముక్కనుమ దాటినా సగంమంది రారు, ఆ సంగతి కాంట్రాక్టర్లందరికీ తెలుసు. ఇక తుపాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లమే. అయినా అక్టోబర్, నవంబర్ నెలల్లో పెద్ద క్రేన్ లిఫ్టులు పెట్టి, రిస్క్ రిజిస్టర్‌లో (పనికి రాగల ముప్పుల పట్టికలో) ‘వాతావరణం: లో రిస్క్’ అని రాసిన కాగితాల మీద సంతకాలు పడుతూనే ఉన్నాయి.

పని ముగిశాక ‘లెసన్స్ లెర్న్‌డ్’ (ఆ పనిలో నేర్చుకున్న పాఠాలు) రాయాలని ప్రతి ట్రైనరూ చెబుతాడు. రాస్తున్నారు కూడా, క్లోజింగ్ ఫైల్లో అదొక కాగితం ఉండాలి కదా! ‘సమన్వయం మెరుగుపడాలి’, ‘కమ్యూనికేషన్ పెరగాలి’. దీన్ని చదివి ఎవరు ఏం నేర్చుకుంటారు? ‘వానాకాలంలో బయట పెయింటింగ్‌కి రోజుకి అయిదు గంటలే లెక్క కట్టండి, లేదంటే షెడ్డు ఖర్చు టెండర్‌లోనే వేయండి’ అని రాస్తే తర్వాతి మేనేజర్‌కి డబ్బు మిగులుతుంది. సర్టిఫికెట్ ఫీజులు కడుతున్న కంపెనీలు ఇంకొక పనీ చేయాలి. కొత్త పని మొదలయ్యే ముందు పాత ఫైలు తెరిపించి, ఫోర్‌మన్లని కూర్చోబెట్టి, తెలుగులో మాట్లాడించాలి. ఇంగ్లిష్ స్లైడ్ల ముందు వాళ్లు తల ఊపి లేచి వెళ్లిపోతారు.

సీనియర్లకి ఇంకో మాట. ఆ 60లో 25 దాకా వృత్తికి తిరిగి ఇచ్చినదాని కింద చూపించుకోవచ్చు. రోజూ చేసే ఉద్యోగానికి అందులో 8కి మించి రావు గానీ, తెలిసింది నలుగురికి చెప్పినా లెక్కలోకి వస్తుంది. వెబినార్లు వినే బదులు కంచరపాలెం పాలిటెక్నిక్ కుర్రాళ్లకి ఒక బార్ చార్టు (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గీతల్లో చూపే షెడ్యూల్) వేయించండి. సైట్లో సూపర్‌వైజర్లయ్యేది వాళ్లే. డిగ్రీ లేదని పీఎంపీ తమకి రాదనుకునేవాళ్లు వాళ్లలో చాలామంది. డిగ్రీ లేకపోతే అనుభవం ఎక్కువ ఏళ్లు అడుగుతారు, అంతే. 35 గంటల శిక్షణ అందరికీ ఒకటే.

శిక్షణ సంస్థలవాళ్లకి ఒక మనవి. క్లాసులు శనివారం పొద్దున పెడుతున్నారు. శనివారం మాకు సైటు నడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పెడితే మా ఫోర్‌మన్‌ని కూడా వెంటబెట్టుకుని వస్తాను. ఉదాహరణకి ఎక్కడిదో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ కాకుండా ఒక పెయింటింగ్ షెడ్యూల్ తీసుకోండి. కావాలంటే నేనే తెచ్చిస్తాను.

— ఒక ప్రాజెక్ట్ మేనేజర్,
గాజువాక, విశాఖపట్నం